నీటిమట్టానికి పూచీ

ఆర్ద్ర కార్తె, సోమవారం

పొద్దున్నే తడికెలు తడిపాం. సర్వరు గదికి నాలుగు కిటికీలు, నాలుగింటికీ వట్టివేళ్ళ తడికెలు కట్టి ఉంటాయి. దావీదు కాలవ నుంచి కావిడితో నీళ్ళు తెచ్చి వాటి మీద పోస్తాడు. నేను పొడిగుడ్డతో సర్వరు పెట్టెల మీది ఉప్పు తుడుస్తాను. సముద్రం ఇంత దగ్గరికి వచ్చాక ఇక్కడి గాలే ఉప్పు. సాయంత్రం తుడిచి వెళితే తెల్లారేసరికి మళ్ళీ పిండి జల్లినట్టు ఉంటుంది. ఈ పాత సర్వరు ఇంకా నడుస్తోందంటే దానికి కారణం దావీదు మొండితనం ఒక్కటే.

విశ్వవిద్యాలయం కొండ మీదికి తరలిపోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు, పంతుళ్ళు, బల్లలు, చివరికి గంట కూడా వెళ్ళిపోయింది. వెళ్ళకుండా మిగిలినవి వెబ్‌సైట్లు. శాఖకొకటి చొప్పున అన్నీ ఈ గదిలోనే ఉన్నాయి. సగం శాఖలను నాకంటే ముందు వచ్చినవాళ్ళు కొండ గుహల్లోని కొత్త సర్వర్లకు ఎక్కించి, గొంతులు పోగొట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. మిగిలిన సగం నాది. చదువరిని నేను, యంత్రాలు చూసేది దావీదు, మా ఇద్దరి నెత్తిన రిజిస్ట్రారు భానోజీరావు గారు. ఆశ్లేష కార్తె లోపల ఖాళీ చెయ్యాలనీ, ఆ తర్వాత ఈ కప్పుకు తను జవాబుదారీ కాదనీ ఆయన రోజుకోసారి చెబుతున్నారు.

ఎక్కించడమంటే ఒక మీట నొక్కితే తీరిపోయే పని అని మా నాయనమ్మ తరం అనుకునేదట. తీరిపోయేది కూడా. తర్వాత కల్తీ ఏళ్ళు వచ్చాయి. పేజీలను యంత్రాలే రాశాయి, యంత్రాలే దిద్దాయి, ఎవరికీ తెలియకుండా మార్చాయి. మందు మోతాదులు మారాయి, పొలాల హద్దులు మారాయి, చనిపోయినవాళ్ళ గొంతులతో బతికున్నవాళ్ళకు ఫోన్లు వచ్చాయి. అన్నీ పోగొట్టుకున్నాక ఈ పద్ధతి పెట్టుకున్నాం. ఒక మనిషి పేజీ మొత్తం పైకి చదవాలి. కన్ను దాటేసినా నాలుక దాటెయ్యదు. చదివింది నిజమో కాదో తనే వెళ్ళి చూడాలి, వీలు కాకపోతే చూసినవాళ్ళను అడగాలి. అప్పుడు తన పేరు చెప్పి ‘దీనికి నేను పూచీ’ అనాలి. ఆ మాట విన్నాకే కొండ సర్వరు పేజీని తీసుకుని ముద్ర వేస్తుంది. ముద్ర పడిన తర్వాత అందులో చుక్క కూడా మారదు. మార్చడం ఎవరి తరమూ కాదు.

ఇవాళ సమాజశాస్త్రం పూర్తయింది. నిజం చెప్పాలంటే చదవడం కంటే ఆవలింతలు ఆపుకోవడమే కష్టమైంది.

ఆర్ద్ర కార్తె, శుక్రవారం

రెండు రోజులుగా మార్కుల జాబితాలు చదువుతున్నాను. పేరు, ఊరు, మార్కులు. పేరు, ఊరు, మార్కులు. సగం ఊళ్ళు ఇప్పుడు సముద్రం కింద ఉన్నాయి. ఆ ఊళ్ళ పిల్లలు కొండ మీద ఎక్కడో ఉద్యోగాల కోసం తిరుగుతూ, నేను ఎప్పుడు చదువుతానా అని ఎదురుచూస్తున్నారు. ముద్ర లేని పట్టాను కొండ మీద ఎవరూ చేత్తో ముట్టుకోరు. అందుకే గొంతు బొంగురుపోయినా మిరియాల కషాయం తాగి చదువుతున్నాను.

భానోజీరావు గారు వరండాలో కూర్చుని విన్నారు. ఆయన కోడలి పేరు వచ్చినప్పుడు ‘ఉత్తీర్ణురాలు’ అన్న మాట దగ్గర చిన్నగా దగ్గారు. నర్సింగ్ పట్టా అట. మంచిదే. ఇంట్లో ఒకరైనా పనికొచ్చే చదువు చదివారు.

నాకు కాస్త గర్వం ఉంది, దాచుకోను. ఇంతవరకూ నేను పూచీ పడ్డ పేజీ ఒక్కటీ తప్పు తేలలేదు. అలా తేలితే ఏమవుతుందో చదువరులందరికీ తెలుసు. మనిషి మాట ఒక్కటే అంటుంది మా చట్టం, దాన్ని ముక్కలు చెయ్యడానికి లేదంటుంది. ఒక్క పేజీ మీద పూచీ వెనక్కి తీసుకుంటే అన్నిటి మీదా తీసుకున్నట్టే. ఆ చదువరి పేజీలన్నిటి ముద్రలూ రాలిపోతాయి, చిరునామాలు వెనక్కి పాత సర్వరుకే పోతాయి. ఆ మనిషి ఇక జన్మలో దేనికీ పూచీ పడకూడదు. సోమలింగం అని నాతో పాటు శిక్షణ పొందినతను ఉండేవాడు. ఎందుకో పూచీ వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడి పెళ్ళిలో సాక్షి సంతకానికి పనికిరాక పందిరి బయట నిలబడ్డాడు. ఆ తర్వాత అతన్ని చూసిన వాళ్ళు లేరు.

పునర్వసు కార్తె, మంగళవారం

జలశాస్త్ర శాఖ మొదలుపెట్టాను. ఇది శాఖ అనడానికి మిగిలింది ఒక్క మనిషి. శాఖాధిపతి పేరిందేవి గారు. అందరూ కొండెక్కినా ఆవిడ ఎక్కలేదు. ఎగువన ఆనకట్ట మీద గేట్ల గదిలో ఉంటారు. జీతం వస్తోందో లేదో ఎవరూ అడగరు, ఆవిడా చెప్పరు.

ఆ వెబ్‌సైట్‌లో పాఠాలు, నివేదికలు, సిద్ధాంత వ్యాసాలతో పాటు ఒక చిన్న పేజీ ఉంది. ‘ఆనకట్ట దగ్గర నీటిమట్టం తొమ్మిది అడుగులు. పే.దే.’ అంతే. తేదీ లేదు, బొమ్మ లేదు. దిగువన గోదావరి మధ్యలో ఉన్న లంకల వాళ్ళు చూసే పేజీ అని దావీదు చెప్పాడు. వాళ్ళ రేవుల్లో ఒక్కో పలక పాతి ఉంటుంది. ఎండతో పనిచేసే తెర అది, నేర్పిన నాలుగైదు చిరునామాలు చూపించడం తప్ప మరో పని తెలియదు. గొంతులను నమ్మే అలవాటు లంకల్లో కల్తీ ఏళ్ళతోనే పోయింది, ఫోన్లు గోదాట్లో పారేశారు. వాళ్ళు నమ్మేది పలకనే.

పేజీ నిజమో కాదో చూడకుండా నేను పూచీ పడను. నూకరత్నం పడవెక్కి ఆనకట్టకు వెళ్ళాను. నూకరత్నం పెదలంక మనిషి, వారానికి రెండుసార్లు మాకు కూరలూ చేపలూ తెస్తుంది, దారి పొడుగునా మాట ఆపదు. సముద్రం లోపలికి తోసుకొచ్చినప్పటినుంచి లంకల్లో నీళ్ళను కంటితో చూసి ఏమీ చెప్పలేమంది. పున్నానికీ అమావాస్యకీ పోటు ఎక్కుతుంది, దిగుతుంది. ఎక్కిన నీళ్ళు సముద్రానివా గోదారివా అన్నది పలక చూస్తేనే తెలుస్తుంది. పలక మీద పదకొండు దాటితే పశువుల్ని గట్టెక్కిస్తారు, పదమూడుకు చేరితే మనుషులు పడవలెక్కుతారు. అంతవరకూ ఎవరి పని వాళ్ళది.

పేరిందేవి గారు గేట్ల గొలుసులకు గ్రీజు పూయిస్తూ పనివాళ్ళ మీద అరుస్తున్నారు. మీ శాఖ పేజీలు కొండకు ఎక్కిస్తున్నానని చెప్పాను. నా వైపు చూడనైనా చూడలేదు. పట్టుకుపొమ్మన్నారు, ఆ పాఠాలు నేర్చుకునే పిల్లలే లేనప్పుడు అవి ఎక్కడుంటే ఏమిటన్నారు. నేను గోడ దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. నీళ్ళు తొమ్మిదో గీతకు ఆనుకుని ఉన్నాయి. నా కళ్ళతో చూశాను.

సాయంత్రం వచ్చి పేజీ పైకి చదివి పూచీ పడ్డాను. ముద్ర పడింది. ఇవాళ గొంతుకు పెద్దగా శ్రమ లేదు.

పునర్వసు కార్తె, ఆదివారం

ముసురు పట్టింది. నూకరత్నం తడుస్తూనే వచ్చి దొండకాయలు, రెండు బొమ్మిడాయిలు ఇచ్చింది. డబ్బు తీసుకోనంది. తమ పలక మీద ఇన్నాళ్ళకు ముద్ర కనపడిందట, దాని కింద నా పేరు ఉందట. ఇదివరకు ఆ పేజీని అలవాటు కొద్దీ చూసేవారు, ముద్ర లేదు గనక లోపల ఎక్కడో అనుమానం ఉండేది. ఇప్పుడు పెద్దవాళ్ళు పలక చట్రానికి పసుపు రాశారట. ‘మా రేవులో మీ పేరు ఎలుగుతుందండి’ అంది. నేను ముసిముసిగా నవ్వుకున్నాను. మొహమాటానికి కూడా కాదనలేదు.

గోదారి ఎలా ఉందని అడిగితే నిలకడగా తొమ్మిది మీద ఉందనీ, పున్నం దగ్గరపడుతోంది గనక కాస్త పోటు ఉందనీ చెప్పింది. ఎగువన వానలు పడుతున్నాయని విన్నాం గానీ పలక ఏమీ అనలేదంది.

ఇవాళ వ్యవసాయశాఖ సగం అయింది.

పుష్యమి కార్తె, బుధవారం

రాయాలని లేదు. అయినా రాయాలి, వరసగా రాయాలి.

మూడు రోజులుగా ఎండ లేదు, కరెంటు చాలడం లేదు. దావీదు సగం పెట్టెలు ఆపేసి మిగిలిన సగాన్ని నిలబెడుతున్నాడు. మధ్యాహ్నం ఆనకట్ట నుంచి పేరిందేవి గారి కబురు తెర మీదికి వచ్చింది. గేట్లన్నీ ఎత్తేశారట, మట్టం పన్నెండున్నర, ఇంకా ఎక్కుతోంది. రేపు పొద్దుటికి పదిహేడు దాటుతుందట. అది చెప్పి, ఇంత జరుగుతుంటే లంకల వాళ్ళ పశువులు ఒక్కటైనా గట్టు మీదికి రాలేదేమని అడిగారు. వాళ్ళకేమైనా మతి పోయిందా, రేవులో పలక చూడడం మానేశారా అని రాశారు.

నాకు ఆ క్షణంలో ఏమీ తట్టలేదు. దావీదే లంకల పలకలు చూపించే చిరునామా తెరిచాడు. తెరిచి, పక్కకు జరిగి, నాకు చూపించాడు.

తొమ్మిది అడుగులు. కింద ముద్ర. ముద్ర కింద నా పేరు.

పేరిందేవి గారు పొద్దునా సాయంత్రమూ పాత సర్వరులో అంకె మారుస్తూనే ఉన్నారు. ఆవిడకు ఆవిడ పేజీ సరిగ్గానే కనపడుతోంది. లంకల చిరునామా మాత్రం నేను పూచీ పడ్డ నాటి నుంచి కొండకు పోతోంది. కొండ మీద ఆ పేజీ మారదు. మారకూడదనే కదా మేం ముద్ర కనిపెట్టుకున్నది. రోజుకు రెండుసార్లు మారేదాన్ని నేను వెళ్ళి, కళ్ళతో చూసి, నిజమని తేల్చుకుని, మేకు కొట్టి బిగించి వచ్చాను. అంత జాగ్రత్తగా చేశాను. అక్కడ నీళ్ళు ఎక్కుతుంటే పున్నం పోటు అనుకుంటున్నారు. నన్ను చూసుకుని ధైర్యంగా ఉన్నారు.

పేరిందేవి గారికి జరిగింది రాశాను. జవాబు వెంటనే వచ్చింది.

‘నదికి ముద్ర వేశావా అమ్మాయ్?’

ఇంకేమీ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

దావీదు రేవుకు పరిగెత్తాడు. ఈ గట్టున ఒక్క పడవ లేదు, పడవలన్నీ లంకల్లోనే ఉన్నాయి. తువ్వాలు ఊపాడు, అరిచాడు. మధ్యలో అంత నీటి హోరు. అతను తిరిగి వచ్చాక, చిరునామాను వెనక్కి మళ్ళించలేవా అని అడిగాను. ముద్ర పడ్డ చిరునామాను మళ్ళించే దారి ఎవరికీ ఉంచలేదన్నాడు, నాకు తెలియని సంగతేమీ కాదు.

భానోజీరావు గారిని లేపాను. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత తెర చూసి కూర్చుండిపోయారు. ముద్ర పడ్డ పేజీని దిద్దాలంటే కొండ మీద ముగ్గురు పెద్దలు కూడాలి, ముగ్గురూ పైకి చదవాలి, ఒప్పుకోవాలి. శుక్రవారం లోపల అది కాదు. నది శుక్రవారం దాకా ఆగదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. నేను నోరు తెరవకముందే ఆయనకు అర్థమైంది.

చాలాసేపు నచ్చజెప్పారు. కోపంతో కాదు. నా పూచీ మీద ఉన్నవి సగం విశ్వవిద్యాలయం పేజీలు. మార్కులు, పట్టాలు, న్యాయశాస్త్రం, వ్యవసాయం అన్నీ ఒక్కసారి రాలిపోతాయి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఉన్నపళాన పట్టా లేనివాళ్ళవుతారు. అవన్నీ తిరిగి ఈ పాత పెట్టెల మీదికి వచ్చి పడతాయి, పెట్టెలు ఈ వానాకాలం దాటుతాయో లేదో తెలియదు. నువ్వేమవుతావో నీకు తెలుసు కదా అన్నారు. తెలుసన్నాను. అప్పుడాయన మరోవైపు చూస్తూ మెల్లిగా అన్నారు.

“మా కోడలి పట్టా కూడా అందులోనే ఉందమ్మా. ఆపమని కాదు. చెబుతున్నానంతే.”

“తెలుసు సార్. నేనే చదివాను.”

ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. పూచీ వెనక్కి తీసుకునేటప్పుడు ఒకరు వినాలి. అందుకు నిలబడ్డారని తర్వాత అర్థమైంది.

మూడుసార్లు చెప్పాలి. ప్రతిసారికీ మధ్య కాస్త ఆపుతుంది యంత్రం, మనసు మార్చుకోవడానికి. మొదటిసారి యంత్రానికి వినపడలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చింతలూరి వకుళ అనే నేను నా పూచీ వెనక్కి తీసుకుంటున్నాను. రెండోసారి ఆపినప్పుడు నాకు సోమలింగం కాదు, నేను చదివిన పేర్లు గుర్తొచ్చాయి. పేరు, ఊరు, మార్కులు. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు. వాళ్ళను అడగకుండా వాళ్ళ చదువు తీసేస్తున్నాను. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది. మూడోసారి చెప్పేశాను.

దావీదు తెర మీద నా పేజీలకు ఎదురుగా ఉన్న పచ్చ చుక్కలు పైనుంచి కిందికి ఆరిపోతూ వచ్చాయి. చివరిదాకా చూడలేకపోయాను. అతను లంకల చిరునామా తెరిచాడు. పదమూడు అడుగులు, పే.దే. ముద్ర లేదు. ముద్ర ఉండాల్సిన చోట చట్టం ప్రకారం ఒక వాక్యం ఉంది. ‘చింతలూరి వకుళ తన పూచీ వెనక్కి తీసుకుంది.’

అప్పుడు తట్టింది నాకు. ముద్ర లేని అంకెను వాళ్ళెందుకు నమ్ముతారు? చిన్నప్పటినుంచి మనం వాళ్ళకు నేర్పింది నమ్మొద్దనే కదా?

బయట ఇంకా వెలుతురు ఉంది. వాన పడుతోంది. దావీదు మళ్ళీ రేవుకు వెళ్ళాడు.

పుష్యమి కార్తె, శుక్రవారం

వాళ్ళు వచ్చారు. బుధవారం చీకటి పడకముందే మొదటి పడవ గట్టుకు తగిలింది. ఆ తర్వాత వరసగా వచ్చాయి. మనుషులు, మేకలు, మూటలు, ఒక పడవలో నిద్రపోతున్న పిల్లలు. పాత తరగతి గదులన్నీ తెరిచాం. గురువారం పొద్దున లంకల వైపు చూస్తే కొబ్బరి తలలు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నానికి అవీ తగ్గాయి.

నూకరత్నం గొంతు కూడా నా గొంతులాగే బొంగురుపోయింది. వరండాలో నా పక్కన కూర్చుని పెదలంక రేవులో జరిగింది చెప్పింది. సాయంత్రం పలక మినుకుమని ఆరి వెలిగిందట. చూస్తే తొమ్మిది పోయి పదమూడు ఉంది, ముద్ర లేదు. మగవాళ్ళు గుమిగూడి ఇది కల్తీ అన్నారట. నిన్నటిదాకా ముద్రతో తొమ్మిది, ఇవాళ ముద్ర లేకుండా పదమూడు, ఏది నమ్మాలో ఇందులో అడగడానికేముందన్నారు. ఒకాయన పలక మీద గోనెపట్టా కప్పబోయాడట.

“నేనడ్డం పడ్డానండి. అంకెని నమ్మొద్దు బాబూ, అంకెకి ముద్ర లేదు, ఒప్పుకున్నాను. ఆ కింద మాట సదవండి అన్నాను. పూచీ ఎనక్కి తీసుకున్న మడిసిని మన జన్మలో సూశామా? అంతా పోగొట్టుకుందంటే ఆవిడ ఏదో సూసే ఉంటాది. ఊరికినే పోగొట్టుకుంటారేటి ఎవరైనా? ఎక్కండి పడవలు అన్నాను. ఆయ్. అప్పుడు కదిలారండి.”

నూకరత్నం అంతటితో ఆగింది. ఎప్పుడూ ఆగని మనిషి ఆగితే ఇంకేదో ఉందని తెలుస్తుంది.

కొసలంక వాళ్ళు రాలేదు. అన్నిటికంటే దిగువన, సముద్రం పక్కన, నాలుగే ఇళ్ళ లంక అది. ఎండ లేక వాళ్ళ పలక మంగళవారమే ఆరిపోయిందట. వాళ్ళు చివరగా చూసింది ముద్రతో ఉన్న తొమ్మిదే. పెదలంక పడవ ఒకటి అటు వెళ్ళబోయింది, సుడికి తిరగబడబోయి వెనక్కి వచ్చింది. ఇవాళ నీళ్ళు కాస్త తీశాక దావీదూ ఇంకో ఇద్దరూ వెళ్ళి చూసి వచ్చారు. అక్కడ ఏమీ లేదు. ఇసుక ఉంది.

నేను పూచీ వెనక్కి తీసుకోవడం వల్ల ఇంతమంది బతికారని భానోజీరావు గారు అంటున్నారు. నిజమే. పూచీ పడడం వల్ల ఆ నాలుగిళ్ళు పోయాయన్నది కూడా నిజం. రెండూ నావే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కప్పుకోలేను. అన్నం పెట్టారు, తినలేదు.

ఆశ్లేష కార్తె, గురువారం

కొండ దారి తెగిపోయింది, కొత్త చదువరులు రాలేరు. పాత పెట్టెల్లో రెండు అప్పుడే మూలుగుతున్నాయి. రాలిపోయిన పేజీలను త్వరగా ఎవరైనా మళ్ళీ చదివి ఎక్కించకపోతే అవి ఉప్పు పాలవుతాయి. భానోజీరావు గారు రెండు రోజులు నీళ్ళు నమిలి, చివరికి సోమవారం తరగతి గదుల ముందు నిలబడి అడిగారు. మాట నిలబడ్డ మనిషెవరైనా చదవొచ్చు, చదువరే కానక్కరలేదు, చట్టంలో ఆ వీలుంది. చదువొచ్చిన వాళ్ళు ముందుకు రండి అన్నారు.

వచ్చారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని తడిబట్టలు ఆరేసుకుంటున్న వాళ్ళు. పదో తరగతి వరకు చదివినవాళ్ళూ, అక్షరం అక్షరం కూడబలుక్కునే వాళ్ళూ. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గదిలో బారుగా కూర్చుని నా పేజీలు చదువుతున్నారు. మొదటి రోజే భానోజీరావు గారి కోడలి పట్టాకు మళ్ళీ ముద్ర పడింది. ఒక తాత న్యాయశాస్త్రం చదువుతూ వాక్యవాక్యానికీ ఆగి, ఇది అన్యాయం కదండీ అని అందరినీ అడుగుతున్నాడు. ఎవరూ నవ్వడం లేదు.

నీటిమట్టం పేజీని ఎవరూ ముట్టుకోరు. అది ఇక్కడే, పాత సర్వరులోనే, ముద్ర లేకుండా ఉంటుంది. రెండు పెట్టెలు దానికోసం నడపడానికి దావీదు ఉండిపోతానన్నాడు. పేరిందేవి గారు పొద్దునా సాయంత్రమూ రాస్తున్నారు, ఇప్పుడు తేదీ కూడా వేస్తున్నారు.

పూచీ పోయిన మనిషి చదువు గదిలోకి రాకూడదు. నేను వరండాలో కూర్చుంటాను, తడికెలకు నీళ్ళు పోస్తాను, వింటాను. నేను చదివిన వాక్యాలే లంకల యాసలో బయటికి వస్తుంటే వింతగా ఉంటుంది. తప్పు చదివితే చెప్పాలని నాలుక దురద పెడుతుంది. చెప్పే హక్కు లేదు. వాళ్ళే వెనక్కి వెళ్ళి దిద్దుకుంటారు.

ఇవాళ మధ్యాహ్నం జలశాస్త్రం నూకరత్నం చేతికి వచ్చింది. కాసేపటికి చదువు ఆగిపోయింది. తలుపు తీసుకుని ఆమె వరండాలోకి వచ్చింది. అక్కడే పడక కుర్చీలో భానోజీరావు గారున్నారు, ఆయన్ని చూసి కూడా ఆగలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

ఏదో పాత సిద్ధాంత వ్యాసమట. లంకల బావుల గురించి రాసింది. మిగతా బావుల సంగతి తమ వాళ్ళలో ఎవరో ఒకరు తాగినవాళ్ళే ఉన్నారు, అడిగి తేల్చుకుంది. ఒక్క వాక్యం దగ్గర చిక్కుకుపోయింది. కొసలంక నూతికి మూడు వైపులా సముద్రం ఉన్నా నీళ్ళు తియ్యగా ఉంటాయని ఉంది. ఆ నుయ్యి ఇప్పుడు లేదు. అది తాగినవాళ్ళు కూడా లేరు. అడగడానికి కొసలంక మనిషి ఒక్కరు మిగల్లేదు. తను పుట్టి బుద్ధెరిగి అక్కడ మంచినీళ్ళు పుచ్చుకోలేదట.

“అక్కడి నీళ్ళు మీరు తాగారాండి?”

“నూకరత్నం, నా మాట చెల్లదు. నన్నడిగి ముద్ర వేస్తే నీ పూచీకి కూడా ముప్పు.”

“సెల్లుద్దా సెల్లదా అని నేనడగలేదండి. తాగారా లేదా, అదొక్కటే సెప్పండి.”

భానోజీరావు గారి వైపు చూశాను. ఈ మాట వినడమే ఆయన ఉద్యోగానికి చేటు. ఆయన లేచి, నా చేతిలోని చెంబు తీసుకుని, వెనక్కి తిరిగి కిటికీ తడికెకు నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. తడికె అప్పటికే కారుతోంది. అయినా పోస్తున్నారు.

పునర్వసు కార్తెలో వెళ్ళాను నేను, ఆ వాక్యం తేల్చుకోవడానికి. సూరమ్మ అనే ఆవిడ నూతిలోంచి నీళ్ళు తోడి, ముందు చేతులు కడుక్కోమని, తర్వాత దోసిట్లో పోసింది. చాలు అన్నా వినకుండా ఇంకో చేద తోడింది. ఎండలో వచ్చావు తాగు తల్లీ అంది. ఇంకేమీ తెలియదు నాకు ఆవిడ గురించి.

“తాగాను” అన్నాను. “తియ్యగా ఉన్నాయి.”

నూకరత్నం తల ఊపింది. లోపలికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగకుండా చదివింది. తన పేరు చెప్పి, దీనికి నేను పూచీ అంది.